ఐదుగురి నెమ్మది

అయినా కాఫీ గ్లాసు అందిస్తూ ‘తీసుకోండి’ అంటే అందులో తప్పేముంది, మర్యాదే కదా, చుట్టాలింటికి వెళ్తే అందరూ అనే మాటే కదా అనుకుంటూ గ్లాసు పట్టుకుని వరండాలో నిలబడ్డాను. చుట్టాలింటికి వెళ్తే. తప్పు అక్కడే ఉంది. పంతొమ్మిదేళ్ళలో వకుళ నాకు కాఫీ ఇస్తూ ఏనాడూ ‘తీసుకోండి’ అనలేదు. ‘కాలుతుంది జాగ్రత్త’ అనేది. చల్లారిన కాఫీ ఇచ్చినా అదే అనేది. విసుగొచ్చేది నాకు. ఈ రోజు కాఫీ నిజంగానే పొగలు కక్కుతోంది. నాలుక కాలింది. ఎవరూ చెప్పలేదు.

నా భార్య నన్ను మరిచిపోలేదు. జ్ఞాపకం పోయిన వాళ్ళ సంగతి వేరు. మా పెళ్ళిలో కరెంటు పోయి పెట్రోమాక్సు లైట్లు తెచ్చిన సంగతి, మొదటిసారి భీమిలి వెళ్ళినప్పుడు నా చెప్పు అలల్లో కొట్టుకుపోయిన సంగతి, అడిగితే వకుళ ఏదీ వదలకుండా చెబుతుంది. చెబుతున్నప్పుడు గొంతులో ఏదీ కదలదు, అంతే.

“సోమశేఖరం గారూ, పాలవాడికి రేపు ఒక పాకెట్టు తగ్గించమని చెప్పనా?” అంది లోపలి నుంచి.

వాళ్ళ అమ్మా అమ్మమ్మా మొగుడి పేరు పలకని మనుషులు. వకుళ చదువుకుంది, ఇవన్నీ పట్టించుకోనంటుంది, అయినా నన్ను ‘ఏమండీ’ అని తప్ప పిలిచింది లేదు. ఒకసారి బ్యాంకులో నా పేరు చెప్పాల్సి వస్తే కాగితం మీద రాసి చూపించి, ఇంటికొచ్చి తనే పడీపడీ నవ్వింది. ఇప్పుడు రోజుకి పదిసార్లు పలుకుతోంది నా పేరు. పూర్తిగా, స్పష్టంగా, ‘గారు’ చేర్చి.

ఇదంతా నేను చేసిన పని.

వకుళకి బెంగ ఎక్కువ. నా స్కూటరు చప్పుడు వినపడే వేళకి వినపడకపోతే గేటు దగ్గరికి వచ్చేది. పది నిమిషాలు దాటితే ఫోను చేసేది. నేను ఎత్తకపోతే లాబొరేటరీ వాచ్‌మన్‌కి చేసేది. ఆ మధ్య ఒక వానాకాలం సాయంత్రం లాబొరేటరీలో పనిలో పడి ఫోను చూసుకోలేదు. తలెత్తేసరికి ఎదురుగా పోలీసు కానిస్టేబులు. “మీరేనాండి సోమశేఖరం గారు? మీ మేడం గారు టేషన్లో కూచునున్నారు” అన్నాడు. నా విద్యార్థులందరూ చూస్తున్నారు. ఇంటికి వెళ్ళి మొదటిసారి ఆమె మీద అరిచాను. నేనేమైపోతానని నీ భయం, తెలియని ప్రతిదీ చావేనా అన్నాను. ఆమె చీర కొంగు అంచులో దారప్పోగులు లాగుతూ, “తెలుసండీ. తెలిసినా ఆగదు” అంది.

ఆ రాత్రే బెంగ తగ్గించే యంత్రం, ‘కుదురు’, ఆలోచన మొదలైంది. దీర్ఘకాలపు బెంగతో బాధపడే లక్షల మంది కోసం చేశానని పరిశోధనా పత్రంలో రాశాను.

దానికి ఆధారం చాలా చిన్నది. మొదటి రోజే గార్డు అప్పలనరసయ్య గారి వల్ల అది అందరికీ అర్థమైంది. ఆయన గూడ్సు రైళ్ళలో గార్డుగా చేసి రిటైరై ఎనిమిదేళ్ళయింది. వాల్తేరు కొండవాలు మీది మా లాబొరేటరీలో, గుండ్రంగా వేసిన ఆరు కుర్చీల్లో ఒకదాని మీద తలపట్టీ పెట్టుకుని కూర్చుని చెప్పుకొచ్చాడు.

“ఆకరి డూటీ బాబూ. బండి సివర పెట్టెకి ఎర్రదీపం ఎట్టాల. ఎట్టినానా, నేదా? ఎట్టినట్టే గుర్తు. కానీ ఎట్టకపోతే?”

“ఎనిమిదేళ్ళయింది కదండీ” అంది లెక్కల టీచరు గ్రేసమ్మ. “ప్రమాదం జరిగుంటే మీకు తెలిసేది కాదా?”

“తెలిసీదే. నాకు సెప్పకండా దాసీసుంటే?”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నా ఆవిష్కరణ అంతా ఆ నవ్వులోనే ఉంది. ఆయన్ని ఎనిమిదేళ్ళుగా నిద్రపోనివ్వని ప్రశ్న పక్క కుర్చీలో మనిషికి నవ్వొచ్చే ప్రశ్న. అదే గ్రేసమ్మ పరీక్ష పేపర్లలో మార్కులు కూడిందే కూడి తెల్లవారుస్తుంది, దానికి గార్డు గారు నవ్వుతాడు. ఒకరి బెంగ రెండోవాళ్ళ తలలోకి వెళ్తే అక్కడ అలజడి ఉండదు, ‘ఏమో, చూద్దాంలే’ అన్నట్టు జారిపోతుంది. అది జారిపోయే తీరుని తలపట్టీలు పట్టుకుంటాయి. పట్టుకుని, అదే క్షణంలో, బెంగపడేవాడికి అందిస్తాయి. ఒక్కొక్కరూ తమ నెమ్మది ఎంత ఇవ్వాలో కుర్చీ చేతిమీద ఉన్న చిన్న చక్రంతో నిర్ణయించుకుంటారు. రెండు మీద పెట్టమని చెప్పాను. ఐదుగురు వినేవాళ్ళు, ఐదు రెళ్ళు పది. అంతకు మించి అక్కర్లేదు.

నాలుగో వారానికి గార్డు గారు రాత్రి తొమ్మిదికి పడుకుని తెల్లవారి ఆరుకి లేచాడు. “దీపం ఎట్టినానో నేదో ఇప్పటికీ తెల్దు బాబూ. తెల్దు, అంతే” అన్నాడు ఆశ్చర్యంగా.

సొంత భార్యని సొంత ప్రయోగంలో కూర్చోబెట్టకూడదని నాకు తెలుసు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోబెట్టాను. పది వారాలు ఆమె అందరి మాటలూ వింది. పులిహోర చేసి తెచ్చేది. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరినీ గుమ్మం దగ్గర ఆపి, “ఇంటికి చేరాక ఒక్క ఫోను చెయ్యండి, ఏం?” అనేది. వాళ్ళు చెయ్యకపోతే తనే చేసేది. తన వంతు వచ్చినప్పుడు మాత్రం నా ముందు చెప్పలేక, పొయ్యి ఆర్పానా, గేటు గడియ వేశానా లాంటి చిన్న చిన్నవి చెప్పి లేచిపోయేది. ఆ చిన్నవాటి కింద తలపట్టీలో నమోదయ్యేది మాత్రం ఎప్పుడూ నా గురించిన బెంగే. పదకొండో గురువారం పెద్దది చెప్పింది.

“ఆయన స్కూటరు చప్పుడు వినపడే టైము దాటిపోతుంది. కూర తరుగుతుంటాను, చెయ్యి ఆగిపోతుంది. రాకపోతే? రోడ్డు మీద ఎక్కడో ఎవరో ఆయన జేబులో ఫోను తీసి చూస్తున్నట్టు కనపడుతుంది. ఇక రానే రాకపోతే?”

తెర మీద ఆమె బెంగ గీత ఎప్పుడూ సగానికి తగ్గి ఆగేది. ఆ రోజు నేలమీద పడ్డ దారంలా పడుకుంది. మళ్ళీ లేవలేదు. నేను సంతోషించాను. నోటుపుస్తకంలో ‘అద్భుతం’ అని రాసుకున్నాను కూడా.

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. బస్సులో పక్క సీటు మనిషి దిగుతున్నప్పుడు కాళ్ళు పక్కకి తీసుకుని దారి ఇస్తూ చూస్తామే, అలా చూసింది.

*

మూడు రోజులు నమ్మలేదు. నాలుగో రోజు సిగ్గుపడాల్సిన పని ఒకటి చేశాను. ఐదున్నరకి పని ముగించి ఇంటికి వెళ్ళకుండా, మా వీధి మలుపులో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. వాన పడుతోంది. ఫోను ఎదురుగా పెట్టుకున్నాను. ఆరైంది. ఆరున్నరైంది. నాలుగు టీలు తాగాను. ఏడున్నరకి కొట్టువాడు, “ఇంటికాడ ఏటైనా గొడవా సార్?” అన్నాడు. ఎనిమిదికి లేచాను. ఫోను మోగలేదు.

గేటు దగ్గర ఎవరూ లేరు. ఆమె టీవీ చూస్తోంది.

“వచ్చారా? అన్నం మూతపెట్టాను.”

“ఆలస్యమైంది.”

“వాన కదండీ.”

“భయపడలేదా?”

నిజాయితీగా ఆలోచించి చెప్పింది. “లేదు. ఎక్కడో ఆగుంటారనుకున్నాను. ఆగారు కదా?”

ఆగాను. ఆమె అన్నది అక్షరాలా నిజం. పంతొమ్మిదేళ్ళు ఆమెని అలా అనుకొమ్మని బతిమాలాను. కంచం ముందు కూర్చున్నాను.

“మీ చొక్కాకి ఎడమ భుజం అంగుళం దిగింది. కుట్టినవాళ్ళు కొలత సరిగ్గా తీసుకోలేదు” అంది టీవీ వైపు తిరుగుతూ. వకుళకి గుండీ కుట్టడం కూడా రాదు.

మర్నాడు, “మీకు ఇబ్బంది లేకపోతే నేను ముందు గదిలో పడుకుంటాను. అక్కడ గాలి బాగుంటుంది” అంది. ఇబ్బంది లేదన్నాను. ఆమె అంత మర్యాదగా అడిగినప్పుడు ఇంకేం అనగలను?

గురువారం యంత్రం నమోదు చేసిన లెక్కలు విప్పి చూశాను. ఐదుగురినీ కూర్చోబెట్టి, వకుళ రాలేదని చెప్పి, పోయిన వారం చక్రాలు ఎవరైనా కదిపారా అని అడిగాను.

దర్జీ ఖాదర్ ముందు గొంతు సవరించుకున్నాడు.

“కొంచెం తిప్పాను సార్. కొంచెం అంటే ఐదు దాకా. అమ్మగారు ఎప్పుడూ చెప్పని మాట చెబుతున్నారు, మిగతావాళ్ళు సరిగా పెట్టారో లేదోనని.”

“నేనూ ఐదు మీద పెట్టాను” అంది గ్రేసమ్మ. “రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.”

లిఫ్టులు బాగుచేసే సన్యాసిరావు తల గోక్కున్నాడు. “నాను రెండు మీదే ఉంచినానండి. మళ్ళీ డౌటొచ్చింది, రెండా ఒకటా అని. అద్దాలు తేనేదు. ఎందుకైనా మంచిదని ఆరు సేసీనాను.”

“నేనూ ఆరే” అంది మందుల షాపు కనకమహాలక్ష్మి. ఆమె ఏడుస్తోంది. “చేరారా చేరారా అని రోజూ అడిగేది మమ్మల్ని. ఒక్కనాడైనా ఆవిడకి నెమ్మది మేమిద్దామనుకున్నాను సార్.”

అందరూ గార్డు గారి వైపు చూశారు.

“ఏడు” అన్నాడాయన కిందకి చూస్తూ. “అందరూ నమ్మకస్తులే, కానీ మరిచిపోతే?”

పది ఉండాల్సిన చోట ఇరవై తొమ్మిది. ఒక్కో చక్రానికి హద్దు పెట్టాను, మొత్తానికి పెట్టలేదు. ఒకరు తప్పు చేస్తారని ఊహించాను. పక్కవాడు మరిచిపోతాడేమోనని ఐదుగురూ విడివిడిగా బెంగపడతారని ఊహించలేదు. అలా బెంగపడే మనుషుల్నే ఏరి ఏరి కూర్చోబెట్టుకుని కూడా.

“ఖాదర్, ఆ రోజు ఆవిడ నా గురించి చెబుతుంటే నీకేం అనిపించింది? దాచకుండా చెప్పు.”

“ఏం లేదు సార్. సారు మంచోరు, వస్తారులే అనిపించింది. చొక్కా భుజం దిగిందే, ఎవరు కుట్టారో అని కూడా అనిపించింది.”

అప్పుడు పూర్తిగా తెలిసింది. వకుళ గుండెలో నేనుండే చోట ఇప్పుడు ఐదుగురు పరాయివాళ్ళు నన్ను చూసే చూపు ఉంది. దయగల చూపే. అందులో నేనొక మంచి మనిషిని. చొక్కా సరిగ్గా లేని మంచి మనిషిని.

*

వెనక్కి తేవచ్చు. పది వారాల ఆమె బెంగ, ఐదుగురి నెమ్మది కలవకముందు ఎలా ఉందో అలాగే, నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని ఆమెకే తిరిగి అందిస్తే పాత దారులు తెరుచుకుంటాయి. అలా అని నా నమ్మకం. ఒక సాయంత్రం ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను.

“అప్పటి వకుళకి మీరంటే ప్రాణం” అంది ఆమె. “తెలుసు నాకు. పక్కింటావిడ సంగతి తెలిసినట్టు తెలుసు.”

“ఇప్పుడెలా ఉంది నీకు?”

“నిద్ర పడుతోంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేదని చెప్పేదాన్ని కదా, లేచి వెళ్ళిపోయారు.”

“నేనూ వెళ్ళిపోయాను వకుళా.”

ఆమె చేతులు ఆగాయి. నిజంగా జాలిపడింది. “మీరు చాలా బాధపడుతున్నట్టున్నారు. కావాలంటే పెట్టండి. నాకేం అభ్యంతరం లేదు.”

విందులో కడుపు నిండినవాళ్ళు వడ్డించేవాళ్ళ మనసు నొప్పించలేక ఇంకొంచెం వెయ్యమంటారు. ఆమె ఒప్పుకోలు అలాంటిదని నాకు తెలుసు. తెలిసే తీసుకెళ్ళాను. ఏం చెయ్యను, ఆ గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉండాలి నాకు. నేను కనపడగానే ‘అమ్మయ్య’ అని వదిలే ఆ ఊపిరి కావాలి. వాన పడ్డప్పుడల్లా ఫోను చేతిలోకి తీసుకుంటున్నాను. మోగని ఫోను ఎంత బరువో నాకు ఎవరూ చెప్పలేదు.

శనివారం, లాబొరేటరీలో మేమిద్దరమే. కిటికీలోంచి సముద్రం మీద ఎండ. తలపట్టీ పెట్టాను. “నొప్పి ఉంటుందా?” అంది. ఉండదన్నాను. మీట నొక్కాను.

మొదటి రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఆమె వేళ్ళు కొంగు అంచుని వెతుక్కున్నాయి. కనుబొమల మధ్య ఆ గీత, పంతొమ్మిదేళ్ళు నేను విసుక్కున్న గీత, మెల్లగా లేచింది. తల తిప్పి నన్ను చూసింది. వకుళ చూసింది. కళ్ళు నిండిపోయాయి.

“ఏమండీ” అంది. “ఎక్కడికి వెళ్ళిపోయారండీ ఇన్నాళ్ళూ?”

ఆ మాట కోసం నేను ఏమైనా ఇచ్చేవాడిని. లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. గుప్పిట బిగుసుకుని ఉంది. గోళ్ళు అరచేతిలో దిగిపోయాయి. నాడి చేతికి కొట్టుకుంటోంది, తరుముకొస్తున్న వాటి నుంచి పారిపోయే జంతువు నాడిలా. పెదాలు తెల్లబడ్డాయి. ప్రేమనీ భయాన్నీ విడదీసి చూద్దామనుకున్నాను. దేని చివర ఎక్కడుందో దొరకలేదు. అంత భయాన్ని రోజూ సాయంత్రం మోసి, ఆ చేత్తోనే నాకు కూర వండి పెట్టింది. నేనది చాదస్తం అనుకున్నాను.

మీట ఆపాను. తొమ్మిది క్షణాలు.

ఆమె ముఖం సర్దుకుంది. గుప్పిట విప్పి చూసుకుంది. “ఇదేమిటి, రక్తం?” తర్వాత నా వైపు తిరిగి, “నేనేమైనా అన్నానా?” అంది. “ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఏం గుర్తులేదు.”

“ఏమీ అనలేదు” అన్నాను.

ఆ అబద్ధం నిర్ణయించుకుని ఆడలేదు. అప్రయత్నంగా ఆడాను. ఆ ఒక్క వాక్యం తప్ప నాకేమీ మిగలలేదు, దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. ఆ వారమంతా దాన్నే తలుచుకుంటూ తిరిగాను. పళ్ళు తోముకుంటూ, స్కూటరు మీద, విద్యార్థులు ఏదో అడుగుతుంటే. ఎక్కడికి వెళ్ళిపోయారండీ ఇన్నాళ్ళూ. ఎక్కడికీ వెళ్ళలేదు వకుళా, ఇక్కడే ఉన్నాను, ఈ టీ కొట్టులో కూర్చున్నాను.

*

యంత్రం ఆపేశాను, ఇక రానక్కర్లేదని ఐదుగురికీ కబురు పెట్టాను. గురువారం ఐదుగురూ వచ్చారు. ఎవరో ఒకరు కబురు అందక వస్తారేమో, వాళ్ళు ఒంటరిగా కూర్చోవాల్సి వస్తుందేమోనని ఒక్కొక్కరికీ అనిపించిందట. తలపట్టీలు లేకుండానే కూర్చున్నారు. ఎప్పుడూ గోడ దగ్గర నోటుపుస్తకంతో నిలబడేవాడిని. ఆరో కుర్చీలో కూర్చుని తొమ్మిది క్షణాల సంగతి చెప్పాను. మొదట తడబడ్డాను, తర్వాత ఆపలేకపోయాను.

“అమ్మతో సెప్పినారా?” అన్నాడు గార్డు.

“లేదు.”

“ఆ మాట అమ్మది కదా బాబూ. మీకాడ దాసుకుంటే ఎలాగ?”

“చెబితే ఏమవుతుందో తెలియదు. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టమని అడగొచ్చు, ఈసారి నిజంగానే అడగొచ్చు. అడిగితే ఏం చెయ్యాలో తెలియదు. లేదా పాపం అని, చిక్కుడుకాయలు తరుక్కోవచ్చు. లేదా ఇంత బాధపెట్టేవాడితో ఉండలేనని వెళ్ళిపోవచ్చు. మీరు చెప్పండి, ఏం చేస్తుంది?”

“మాకేటి తెలుసునండి” అన్నాడు సన్యాసిరావు. “తెలీకపోతే బయంగానే ఉంటాది. మాకు అలవాటే. మీకు కొత్త.”

ఖాదర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. గ్రేసమ్మ అతన్ని మోచేత్తో పొడిచి, తనూ నవ్వింది. చివరికి నేనూ నవ్వాను. నవ్వితే భయం పోతుందనుకున్నాను. పోలేదు. ఉన్నదున్నట్టే నాతో పాటు స్కూటరెక్కి ఇంటికొచ్చింది.

ఐదు దాటింది. వరండాలో ఇంకా ఎండ ఉంది. ముందు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆమె ఏదో పాట కూనిరాగం తీస్తోంది. పాడే అలవాటు ఆమెకి పెళ్ళికి ముందు ఉండేదని వాళ్ళక్క ఒకసారి చెప్పింది, నేను ఎప్పుడూ వినలేదు. బాగా పాడుతోంది. ఈ పాట ఆగిపోతుందేమో నేను చెబితే. ఇలా పాడే మనిషి నాకు అసలు తెలియదు, ఆమెకి ఏది ఇష్టమో ఏది కాదో తెలియదు. రేపు చెప్పొచ్చు. రేపు కూడా ఇంతే తెలుస్తుంది నాకు, ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ తెలియదు.

మా ఇంట్లో నేను ఏ తలుపూ తట్టిన మనిషిని కాదు. తోసుకుని వెళ్ళేవాడిని. వేళ్ళు ముడిచి చెయ్యి ఎత్తాను. లోపల పాట చరణం చివరికి వచ్చింది. అది పూర్తయ్యేదాకా ఆగాను.

తట్టాను.